పొల్లు

డాక్టర్ బొమ్మలు చూపిస్తున్నాడు.
మంట బొమ్మ.
మా నోన్నా పెదవి ఒక పక్కకే కదిలి
"ఫూక్" అంది.
కాగితం మీద అడ్డగీత.
రొట్టె బొమ్మ. "పాన్."
ఇంకో అడ్డగీత.
పాల బొమ్మ. "లాత్."
పెన్ను మూత పెట్టేశాడు,
సముద్రం వైపు నుంచి ఈ మధ్యే వచ్చిన కుర్రాడు.
చివరలు మింగేస్తోంది, అన్నాడు నాతో.

నేను తలూపాను.
ఆమె వంటింట్లోనే ముప్పై ఏళ్ళు పెరిగి
ఆ చివరలు ఎక్కడికి పోయాయో నాకూ తెలియదు.

మూలన కూర్చుని కోటు మడత పెడుతున్న రోదికా అంది:
"మూడూ ఒప్పే డాక్టర్."

*

కార్నియా కొండల్లో ఒంటిగది బడి.
టస్కనీ నుంచి వచ్చిన పంతులమ్మ
చేతులు రుద్దుకుంటూ చెప్పేదట:
ఇటలీ మాట అచ్చుతో ముగియాలి.
పానె. లాత్తె. ఫ్వోకో.
చివర నోరు తెరిచి ఉంచండి,
దేశం లోపలికి రావాలి కదా!

మా కొండల్లో నోరు తెరిచి ఉంచితే
పళ్ళు జివ్వుమంటాయి.
అందుకేనేమో మావాళ్ళు
గొడ్డలివేటుకి కట్టె తెగినట్టు
హల్లు దగ్గరే మాటని తెంపేస్తారు.

పొల్లు మాటలు, అంది పంతులమ్మ.
గింజ లేని మాటలు.
గింజలు మాత్రం నేల మీద పోయించింది,
గుప్పెడు మొక్కజొన్న,
మాటకి పావుగంట, వాటి మీద మోకాళ్ళు.

ఆ సాయంత్రం ఇంట్లో పొలెంతా ఉడుకుతుంటే
ఒనోరినా అనే ఏడేళ్ళ పిల్ల
మోకాలి గుంటలు లెక్కపెట్టుకుంటూ అడిగింది:
"అమ్మా, మనం ఇటలీ కాదా?"
తల్లి గరిట తిప్పడం ఆపలేదు.
"ఆపితే అడుగంటుతుంది" అంది. అంతే.

*

ఒలీవో తాతకి ఆ సంగతి బెల్జియంలో తెలిసింది.
గని ముందు ఫోర్‌మన్ చెయ్యి చాపి
"ఇటాలియన్లు ఇటు" అన్నాడట.
పక్కనున్నది కలాబ్రియావాడు.
అతని మాట తాతకి ఒక్కటీ అర్థం కాదు.
ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని
ఇటు జరిగారు.

అక్కడినుంచి ఉత్తరాలు వచ్చేవి, పొల్లు పోకుండా,
ప్రతి మాటకీ అచ్చు తగిలించి.
నోన్నా కూడా అచ్చులతోనే జవాబు రాసేది.
"ప్రియమైన" అని రాసింది గానీ
ఆ మాటతో ఆయన్ని ఎన్నడూ పిలవలేదు.

అమ్మకి అచ్చులే నేర్పింది, నాకూ అచ్చులే.
మా మోకాళ్ళు నున్నగా ఉన్నాయి.

*

నవంబరులో ఒక తెల్లవారుజామున
తలలో నెత్తురు గడ్డకట్టి
బడిలో దిద్దించిందంతా తుడిచిపెట్టుకుపోయింది.
పంతులమ్మ, రేడియో, వార్తలు చదివే పెద్దమనిషి
అందరూ వెళ్ళిపోయారు.
మిగిలింది పొల్లు.

రోదికాది మోల్దోవా.
పదకొండేళ్ళుగా నోన్నాకి స్నానం చేయిస్తోంది.
"మా ఊళ్ళోనూ నిప్పుని ఫోక్ అంటాం" అంటుంది,
"మొదటి రోజే అర్థమైంది."
పర్మిట్ కోసం ఇటాలియన్ పరీక్షకి పోతే
ఈ యాస ఎక్కడిదని నవ్వారట ఎదుటి మనిషి.
"చెప్పలేదు" అంది,
"చెప్తే నోన్నాని కూడా పరీక్షకి పిలుస్తారు."

ఇప్పుడు పొయ్యి ముందు వాళ్ళిద్దరూ
ఊ కావాలా ఓ కావాలా అని పోట్లాడుకుంటారు.
ఫూక్. ఫోక్. ఫూక్.
నా ఇంట్లో నేను
చెవులు రిక్కించి కూర్చున్న చుట్టాన్ని.

నిన్న రాత్రి ధైర్యం చేశాను.
"ఫూకో" అన్నాను.

నోన్నా నన్ను చూసింది.
బాగున్న చేత్తో నా గుప్పిట విప్పి
అరచేతిలో ఒక మొక్కజొన్న గింజ పెట్టింది.
ఎప్పటినుంచి దాచిందో, ఏప్రన్ జేబులో.
నవ్విందో, పెదవి వంకరే అలా ఉందో.

రోదికా కట్టె ఎగదోసింది.
నోరు మూసి మళ్ళీ మొదలుపెట్టాను.